సుల్తాన్‌పూర్ నుంచి పటాన్‌చెరు దాకా: ఇంగ్లీషు మాటల ఎంపిక, వాడుక

సంగారెడ్డి జిల్లాలో సుల్తాన్‌పూర్ అంటే ముందు ఏ సుల్తాన్‌పూర్ అని అడగాలి. ఒకటి అమీన్‌పూర్ మండలంలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంది. 2017లో అక్కడ వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన జరిగింది. రెండోది పుల్కల్ వైపు ఉంది. 2012లో మొదలైన జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇంజినీరింగ్ కళాశాల అక్కడిది. ఒక సుల్తాన్‌పూర్‌లో పిల్లలు ఇంగ్లీషులో పరీక్షలు రాస్తారు. ఇంకో సుల్తాన్‌పూర్‌లో ఇంగ్లీషులో రాసి పెట్టిన పద్ధతి ప్రకారం గుండె రక్తనాళాల్లో వేసే స్టెంట్లు తయారవుతాయి. ఈ పరికరాల సుల్తాన్‌పూర్ చుట్టూ పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, బొంతపల్లి, రామచంద్రాపురం పారిశ్రామిక ప్రాంతాలు. షిఫ్టులో మాట్లాడేది తెలుగు, హిందీ, ఒడియా, భోజ్‌పురి. కాగితం మీదికి ఎక్కేది మాత్రం దాదాపు అంతా ఇంగ్లీషే.

ఆ కాగితం దగ్గరే ప్రశ్నలు పుడతాయి. ‘షల్’ రాయాలా, ‘షుడ్’ రాయాలా? ‘ప్లీజ్ రివర్ట్’ తప్పా? ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మండేదా, మండనిదా? లైసెన్స్‌లో చివర ‘సి’ వేయాలా, ‘ఎస్’ వేయాలా? ఇంగ్లీషు నేర్చుకున్న ప్రతి దేశంలోనూ ఇలాంటి ప్రశ్నలు ఉంటాయి. మందులు, పరికరాలు, రసాయనాలు తయారయ్యే చోట ‘ఇది కరెక్టేనా’ అని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. చదివినవాడు దాన్ని చూసి ఏం చేస్తాడన్నది మిగతా సగం, అసలు బరువున్న సగం.

తీర్పు చెప్పేదెవరు

ఇంగ్లీషుకు అధికార పీఠం లేదు. ఫ్రెంచికి 1635 నుంచి అకాడమీ ఉంది. ఇంగ్లీషులో అలాంటిది పెట్టాలని చాలామంది కోరుకున్నా పెట్టలేదు. శామ్యూల్ జాన్సన్ 1755లో, నోవా వెబ్‌స్టర్ 1828లో నిఘంటువులు తెచ్చారు. ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు 1884 నుంచి 1928 దాకా విడతలుగా వెలువడింది. మాటల వాడుక మీద హెన్రీ ఫౌలర్ రాసిన ప్రసిద్ధ గ్రంథం 1926 నాటిది. వీళ్లలో ఎవరికీ చట్టం ఇచ్చిన అధికారం లేదు. జనం ఏం రాస్తున్నారో చూశారు, తమకు నచ్చింది చెప్పారు.

అందుకే బళ్లో శాసనంలా నేర్పే కొన్ని నియమాల మూలం వెతికితే ఒక్క మనిషి అభిప్రాయం దగ్గర తేలుతుంది. లెక్కపెట్టగలిగేవాటికి ‘ఫ్యూయర్’, లెక్కపెట్టలేనివాటికి ‘లెస్’ అన్న తేడాను 1770లో రాబర్ట్ బేకర్ తన ఇష్టంగానే సూచించాడు. తర్వాతివాళ్లు దాన్ని నియమం చేశారు. నేను, మేము అన్నప్పుడు ‘షల్’, మిగతావాళ్లకు ‘విల్’ అన్న సూత్రం జాన్ వాలిస్ 1653లో లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో కనిపిస్తుంది. 1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ద్వారా ఇలాంటివి మన బళ్లకు చేరి గట్టిగా పాతుకుపోయాయి. ఇంగ్లండులో ఆ షల్, విల్ తేడాను పట్టించుకునేవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ.

తెలుగువాళ్లకు ఈ తగవు కొత్తేం కాదు. గ్రాంథికమా, వ్యావహారికమా అన్న వాదంలో గిడుగు రామమూర్తి 1910ల నుంచి పట్టుబట్టింది ఇదే మాట మీద: నలుగురు చదువుకున్నవాళ్లు ఎలా మాట్లాడుతున్నారో చూసి వ్యాకరణం రాయాలి గానీ, పాత వ్యాకరణం చూపించి నోళ్లు కట్టకూడదని. ఇంగ్లీషు నిఘంటుకారులు కూడా అటే మొగ్గారు. అయితే గిడుగు వాదాన్ని ‘ఏది రాసినా ఒప్పే’ అని అర్థం చేసుకుంటే పొరపాటు. చదివేవాడికి తెలియాలన్నదే ఆయన పట్టుదల.

ఈ ప్రశ్నల మీద దేశంలో గట్టి పని జరిగిన చోటు హైదరాబాదే. 1958లో ఇక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది. తొలినాళ్లలో కన్నడ కవి వి.కె.గోకాక్ దాని సంచాలకుడు. 1972లో విదేశీ భాషలు చేరి సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అక్కడి ఆచార్యుడు ఆర్.కె.బన్సల్ భారతీయుల ఇంగ్లీషు బయటివాళ్లకు ఎంతవరకు అర్థమవుతుందో పరీక్షించి 1969లో ఫలితాలు ప్రచురించాడు. మాటలో ఊనిక తప్పు అక్షరం మీద పడటం పెద్ద అడ్డంకి అని తేల్చాడు. 15ను 50గా, 13ను 30గా వినడం ఆ కోవలోదే. తూకం వేసే గదిలో ఒకరు చదువుతుంటే ఇంకొకరు రాసుకునేటప్పుడు ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అని అంకెలు విడదీసి చెబితే ఆ చిక్కు రాదు. విమానాల రేడియో సంభాషణలో అంకెలు విడివిడిగా పలికేది కూడా అందుకే. 1979లో నిహలానీ, టంగ్, హొసాలీ కలిసి తెచ్చిన ‘ఇండియన్ అండ్ బ్రిటిష్ ఇంగ్లిష్’ మన వాడుకలను అకారాది క్రమంలో పెట్టి, పక్కనే బ్రిటిష్ వాడుక చూపించింది. ఇక్కడి మాటను తప్పనకుండా తేడా చూపడం ఆ పుస్తకంలోని గొప్పతనం.

మెమో, డిటెయిన్, రివర్ట్

భారతీయ ఇంగ్లీషులో ఎక్కువ ఎగతాళికి గురైన మాట ‘ప్రీపోన్’. పోస్ట్‌పోన్‌కు ఎదురుగా మనవాళ్లు కల్పించుకున్న వింత పదమని చాలామంది అనుకుంటారు. 1913లో న్యూయార్క్ టైమ్స్‌కు ఒక పాఠకుడు రాసిన ఉత్తరంలో, ఇలాంటి మాట కావాలంటూ దాన్ని ప్రతిపాదించిన సంగతి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు నమోదు చేసింది. అక్కడ నిలవలేదు, ఇక్కడ నిలిచింది. మీటింగును ముందుకు జరపడానికి ఒక్క ముక్కలో సరిపోయే మాట అది. దేశంలో వాడుకోవడానికి మొహమాటపడాల్సిన పని లేదు. అమెరికా కొనుగోలుదారుకు మాత్రం ‘మూవ్ అప్’ అనో, ఇంకా మేలుగా కొత్త తేదీ, గంట రాసో పంపితే మళ్లీ అడిగించుకోనక్కర్లేదు.

‘డూ ద నీడ్‌ఫుల్’ ఒకప్పుడు ఇంగ్లండులో మర్యాదస్తుల రాతే. అక్కడ పాతబడింది, మన దఫ్తరాల్లో మిగిలింది. ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ కంపెనీ కాలపు మాట. అధికారిని నియమించిన ఊరు స్టేషన్, దాన్ని దాటితే అవుట్ ఆఫ్ స్టేషన్. ‘రివర్ట్’ సంగతి వేరు. మన దగ్గర జవాబివ్వడం, బ్రిటన్‌లో, అమెరికాలో పాత స్థితికి తిరిగిపోవడం. ఒక డ్రాయింగు సవరించి పంపి, కింద ‘ప్లీజ్ రివర్ట్’ అని రాస్తే, అవతలివాడు సవరణ తీసేసి పాత డ్రాయింగుకు వెళ్లమన్నారని అనుకునే వీలుంది. కంప్యూటర్ రాతల్లో ఆ మాటకు అదే అర్థం. ఇక్కడ ‘రిప్లై’ అన్నదే క్షేమం.

కళాశాల నుంచి వచ్చే మాటలు ఇంకా చిక్కు పెడతాయి. తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి నుంచి మార్కుల కాగితం ‘మెమో’. బయట మెమో అంటే ఆఫీసులో పంచే చిన్న నోటు. హాల్ టికెట్ అంటే విదేశాల్లో కచేరీ టికెట్ అనుకుంటారు. ‘ఫ్రెషర్’ మన దగ్గర అనుభవం లేని కొత్త ఉద్యోగి, బ్రిటన్‌లో విశ్వవిద్యాలయంలో అప్పుడే చేరిన విద్యార్థి. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ‘డిటెయిన్డ్’ దగ్గర. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు కావాలి. 65 దాటి 75 లోపు ఉంటే కారణం చూపి కండొనేషన్, అంటే ఆ లోటుకు మాఫీ, తెచ్చుకోవచ్చు. అదీ లేకపోతే డిటెయిన్. ఇదే ముక్క అమెరికా విశ్వవిద్యాలయానికి పెట్టే దరఖాస్తులో ‘రెండో ఏడాది నన్ను డిటెయిన్ చేశారు’ అని రాస్తే, చదివే అధికారికి పోలీసు కస్టడీ గుర్తొస్తుంది. హాజరు చాలక ఆ సెమిస్టరు మళ్లీ చదివానని విడమరిచి రాయడమే దీనికి మందు.

మనం ఇంగ్లీషుకు ఇచ్చిన మాటలూ తక్కువేం కాదు. ‘బ్యాండికూట్’ తెలుగు పందికొక్కు. గోల్కొండ పేరు ఇంగ్లీషులో ఎడతెగని సంపదకు సాధారణ నామమైంది. పటాన్‌చెరులో అడుగడుగునా కనిపించే ‘గోడౌన్’ పోర్చుగీసు, మలయ్ భాషల గుండా ఇంగ్లీషులోకి వచ్చింది, దాని వెనక తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు ఉండొచ్చని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు నుంచి నిఘంటుకారులు చెబుతున్నారు. ఇలాంటి మాటల మీద జి.సుబ్బారావు రాసిన పరిశోధన 1954లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా వచ్చింది. 2017లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దాదాపు 70 భారతీయ మాటలు చేర్చుకున్నప్పుడు ‘అన్న’ కూడా అందులో ఉంది.

‘చేయాలి’ ఒక్కటి, ఇంగ్లీషు మాటలు మూడు

ఈ పారిశ్రామిక ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే, అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న షల్, షుడ్, మస్ట్‌ల గురించి. తెలుగులో ‘వాల్వు మూయాలి’ అంటే సరిపోతుంది. ఆజ్ఞా, సలహానా అన్నది చెప్పే గొంతులో తెలుస్తుంది. కాగితానికి గొంతు ఉండదు.

వైద్య పరికరాల తయారీకి ప్రపంచమంతా పాటించే నాణ్యతా ప్రమాణం ఐఎస్ఓ 13485. దాని 2016 ప్రతి పీఠికలోనే ఈ మాటల బరువు తేల్చి చెప్పింది. షల్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే సిఫారసు. మే అంటే అనుమతి. క్యాన్ అంటే వీలు లేదా సామర్థ్యం. తెలుగులో వీటికి చేయాలి, చేస్తే మంచిది, చేయొచ్చు, చేయగలరు అని నాలుగు రూపాలు ఉండనే ఉన్నాయి. రాసేటప్పుడు వాటిని వేరు చేసుకోకపోవడం వల్లే ఇబ్బంది.

మందుల వైపు వెళ్తే చిక్కు మరోలా ఉంటుంది. అమెరికాలో తయారయ్యే, అక్కడికి దిగుమతయ్యే మందుల నియమావళి షల్ మాటతోనే నడుస్తుంది. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్గదర్శక పత్రాల్లో మాత్రం షుడ్ అంటే సూచన మాత్రమేననీ, నిర్బంధం కాదనీ స్పష్టంగా రాస్తారు. ముడి మందుల తయారీకి 2000లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ7 అంతా షుడ్‌తోనే ఉంటుంది. కానీ అక్కడ షుడ్‌కు ఇచ్చిన నిర్వచనం గట్టిది: వర్తించదని చూపగలిగితేనో, అంతే నాణ్యత హామీ ఇచ్చే వేరే దారి ఉందని రుజువు చేస్తేనో తప్ప పాటించాల్సిందే. ఒకే మాట, రెండు పత్రాలు, రెండు బరువులు. ఇక అమెరికా ప్రభుత్వపు సులభ భాషా మార్గదర్శకాలు షల్‌ను వదిలి మస్ట్ రాయమంటున్నాయి. షల్ అర్థం మీదే కోర్టుల్లో లెక్కలేనన్ని వాదనలు నడవడం దానికి కారణం. కాబట్టి ఎస్‌ఓపీ, అంటే పని పద్ధతి పత్రం, రాసేవారు ఏ మాట ఎంచుకున్నా, మొదటి పేజీలోనే దాని అర్థం చెప్పి, చివరి దాకా అదే అర్థంలో వాడాలి.

ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. రియాక్టర్ దగ్గర పద్ధతిలో ‘ఆపరేటర్ షుడ్ ఓపెన్ ద మ్యాన్‌హోల్ వెన్ ద ప్రెషర్ ఈజ్ కమింగ్ డౌన్’ అని ఉందనుకుందాం. రాసినవారి మనసులో ఉన్నది ‘ప్రెషర్ దిగాక మూత తీయాలి’. కాగితం మీదికి వచ్చింది ‘ప్రెషర్ దిగుతూ ఉండగా మూత తీస్తే మంచిది’. తెలుగులో దిగాక, దిగుతుండగా రెండూ వేర్వేరని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘ఈజ్ కమింగ్’ అలవాటుగా పడిపోతుంది. ‘హ్యాజ్ కమ్ డౌన్ టు జీరో’ అని ఉండాలి, గేజిలో ఎంత చూపాలో అంకె వేయాలి, షుడ్ బదులు ‘ఓన్లీ ఆఫ్టర్’ చేరాలి.

ఇదే రియాక్టర్ దగ్గర ఇంకో ఉచ్చు ‘అంటిల్’. ‘ప్రెషర్ సున్నాకు రానంతవరకు మూత తీయొద్దు’ అన్నది చక్కటి తెలుగు. ఇందులో ‘రాని’ అన్న వ్యతిరేకం అవసరం. ఇంగ్లీషు అంటిల్‌లో ఆ వ్యతిరేకం లోపలే ఉంటుంది, మళ్లీ ‘నాట్’ పెడితే అర్థం తిరగబడుతుంది. ‘డోంట్ ఓపెన్ అంటిల్ ద ప్రెషర్ ఈజ్ నాట్ జీరో’ అని రాస్తే, ప్రెషర్ ఉన్నప్పుడే తీయమన్నట్టవుతుంది. తెలుగు, హిందీ మాట్లాడేవాళ్లు చాలామంది దీన్ని రాసినవారు అనుకున్నట్టే చదువుకుంటారు. బయటి నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు అలా చదవడు.

‘బోత్’ మాటా అంతే. ‘రెండు తలుపులూ తెరవొద్దు’ అంటే తెలుగులో ఒక్కటీ తెరవొద్దనే అర్థం ముందొస్తుంది, ‘ఇద్దరూ రాలేదు’ అంటే ఎవరూ రాలేదన్నట్టు. ఇంగ్లీషులో ‘బోత్ డోర్స్ షల్ నాట్ బి ఓపెన్’ అంటే రెండూ ఒకేసారి తెరిచి ఉండకూడదనీ అనుకోవచ్చు, ఒక్కటీ తెరవకూడదనీ అనుకోవచ్చు. క్లీన్‌రూమ్‌లోకి సామాను పంపే పాస్ బాక్సుకు కావాల్సింది మొదటి అర్థం. ‘ఒక తలుపు మూశాకే రెండోది తెరవాలి’ అని రాస్తే ఏ భాషలోనైనా పేచీ ఉండదు. ఇక ‘వాల్వు మూయలేదా?’ అని వాకీటాకీలో అడిగితే మనవాళ్లు ‘అవును’ అంటారు, మూయలేదని. ఆ ‘అవును’ను ‘యెస్’ చేస్తే అవతలివాడు మూశారనుకుంటాడు. అడిగేటప్పుడే వ్యతిరేకం లేకుండా అడగడం, జవాబులో ‘వాల్వ్ ఓపెన్’ అనో ‘వాల్వ్ క్లోజ్డ్’ అనో పూర్తిగా చెప్పడం మేలు.

తెలుగుకు ఉండి ఇంగ్లీషుకు లేనివి కూడా ఇలాగే పని పెడతాయి. మనం, మేము రెండింటికీ ‘వి’ ఒక్కటే. ‘వి విల్ చెక్ టుమారో’ అన్న మెయిలు చూసి కొనుగోలుదారు తన మనిషిని కూడా పంపాలేమో అని అడిగితే తప్పు అతనిది కాదు, ‘అవర్ టీమ్’ అని ఉండాల్సింది. ‘పీవీ నరసింహారావు మన దేశానికి ఎన్నో ప్రధాని?’ అన్న మామూలు ప్రశ్నకు ఇంగ్లీషులో సూటి రూపమే లేదు. ‘ఈరోజే వచ్చాను’లోని ఏకారం ‘టుడే ఓన్లీ ఐ కేమ్’ అవుతుంది. ‘గురించి’ వల్ల ‘డిస్కస్ అబౌట్’ వస్తుంది. పెదనాన్న, బాబాయి, మేనమామ, మామయ్య అంతా ‘అంకుల్’ అయిపోతే, ఆ లోటు తీర్చుకోవడానికి ‘కజిన్ బ్రదర్’, తోడల్లుడికి ‘కో-బ్రదర్’ పుట్టుకొచ్చాయి. ఇవి తెలివితక్కువ తప్పులు కావు. తెలుగు చూపే తేడాలను ఇంగ్లీషులో కూడా చూపాలన్న ప్రయత్నాలవి. ఇంటి ముచ్చట్లలో ఎంత మాత్రం హాని లేనివి.

ఒకే పొడి, రెండు పేర్లు

బొంతపల్లిలో గ్రాన్యూల్స్ సంస్థ తయారుచేసే ముడి మందు మన దగ్గర, యూరప్‌లో పారాసిటమాల్, అమెరికాలో ఎసిటమినోఫెన్. అది ఒకే రసాయనం. ‘పారా-ఎసిటైల్-అమినో-ఫినాల్’ అన్న పొడుగు పేరులోంచి ఒకరు కొన్ని ముక్కలు ఏరుకున్నారు, ఇంకొకరు వేరే ముక్కలు ఏరుకున్నారు. ఆయాసానికి వాడే సాల్‌బ్యుటమాల్ అమెరికాలో ఆల్‌బ్యుటరాల్. మన ఎడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. ఈ గందరగోళం తగ్గించడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులకు అంతర్జాతీయ సాధారణ నామాలు ఇచ్చే పని చేపట్టి, 1953లో మొదటి జాబితా ప్రకటించింది. అమెరికా కొన్ని పాత పేర్లు వదులుకోలేదు. లేబుల్ రాసేవారికి ఏ మార్కెట్టుకు పోయే డబ్బానో తెలిసి తీరాలి.

స్పెల్లింగులోనూ ఇదే సమస్య. గంధకానికి ఇంగ్లీషు పేరైన సల్ఫర్‌ను రాసేటప్పుడు బ్రిటిష్ రాతలో ‘పీహెచ్’, అమెరికన్ రాతలో ‘ఎఫ్’. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య 1990లో ‘ఎఫ్’ వైపు తీర్పు చెప్పింది, 1992లో లండన్ రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ కూడా ఒప్పుకుంది. అల్యూమినియం విషయంలో మాత్రం సమాఖ్య బ్రిటిష్ రూపాన్నే ఎంచుకుంది. లైసెన్స్ మాటకు బ్రిటిష్ రాతలో నామవాచకమైతే చివర ‘సి’, క్రియైతే ‘ఎస్’. అమెరికాలో రెండింటికీ ‘ఎస్’. ప్రాక్టీస్‌కూ బ్రిటన్‌లో అదే తేడా, అమెరికాలో మాత్రం రెండింటికీ ‘సి’. మన ఔషధ చట్టం 1940 నాటిది కాబట్టి ‘సి’ రాసిన డ్రగ్ లైసెన్సే గోడకు వేలాడుతుంది. తేదీల రాత ఇంకా ప్రమాదం. 03/04 మనకు ఏప్రిల్ 3, అమెరికాకు మార్చి 4. నెల పేరును మూడక్షరాల్లో రాసే అలవాటు మందుల కర్మాగారాల్లో స్థిరపడింది అందుకే.

పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ క్షేత్రంలో ఇదే ప్రశ్న పంటల రూపంలో ఉంటుంది. మన వ్యవసాయ శాఖ ఇంగ్లీషులో కంది ‘రెడ్ గ్రామ్’, శనగ ‘బెంగాల్ గ్రామ్’. ఈ గ్రామ్ గింజ అనే అర్థమున్న పోర్చుగీసు మాట. ఇక్రిశాట్ పత్రాల్లో అవే ‘పిజియన్‌పీ’, ‘చిక్‌పీ’. ఆఫ్రికాలోని కెన్యా, మలావీ రైతుల కోసం కూడా రాసే సంస్థ కనుక ఇండియాకే తెలిసిన పేర్లు పనికిరావు. పిజియన్‌పీ పేరు కరీబియన్ దీవి బార్బడోస్‌లో పుట్టింది, అక్కడ ఆ గింజలు పావురాల మేత. ఇక ‘కార్న్’ అంటే అమెరికాలో మొక్కజొన్న, పాత బ్రిటిష్ వాడుకలో ఏ ధాన్యమైనా సరే. మొక్కజొన్నకు ‘మెయిజ్’ అంటే ఎవరికీ అనుమానం రాదు.

మంట దగ్గరి మాటలు

ముంబై హైవే మీద పటాన్‌చెరు దాటి వెళ్లే సాల్వెంట్ ట్యాంకర్ల వెనక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. లాటిన్ మూలంలో ఆ ‘ఇన్’ లోపల అంటుకోవడాన్ని చెప్పేది, కాదనే ‘ఇన్’ కాదు. ‘ఇన్‌విజిబుల్’, ‘ఇన్‌కరెక్ట్’ నేర్చుకున్నవారు దాన్ని మండనిదిగా చదివే ప్రమాదం ఉందని గుర్తించి, 1920లలో అమెరికా అగ్నిమాపక సంఘం ‘ఫ్లేమబుల్’ వాడమని పట్టుబట్టింది. ప్రమాదకర సరుకుల రవాణాకు ఐక్యరాజ్య సమితి చేసిన వర్గీకరణలో మూడో తరగతి పేరు ఇప్పుడు ‘ఫ్లేమబుల్ లిక్విడ్స్’. మన 1948 కర్మాగారాల చట్టం 37వ సెక్షన్ పాత ‘ఇన్‌ఫ్లేమబుల్’నే వాడింది. రెండూ వ్యాకరణ రీత్యా ఒప్పే. బోర్డు మీద మాత్రం ఒకటే ఒప్పు, కొత్తగా చేరిన కుర్రాడు తప్పుగా చదవలేనిది.

భాషాశాస్త్రంలో పెద్ద పేరున్న బెంజమిన్ లీ వార్ఫ్ వృత్తి రీత్యా అగ్నిప్రమాద బీమా ఇన్‌స్పెక్టర్. పెట్రోలు నిండిన డ్రమ్ముల దగ్గర జాగ్రత్తగా ఉండే మనుషులు ‘ఎంప్టీ’ అని రాసి ఉన్న డ్రమ్ముల దగ్గర సిగరెట్ కాల్చడం ఆయన గమనించాడు. ఖాళీ డ్రమ్ములో మిగిలే ఆవిరి నిండు డ్రమ్ము కన్నా సులువుగా పేలుతుంది. మన గోడౌన్లలో ‘ఖాళీ డ్రమ్ములు’ అన్న బోర్డు కూడా అదే భ్రమ కలిగిస్తుంది. ‘వాడిన డ్రమ్ములు, ఆవిరి ఉంటుంది’ అన్నది కొంచెం పొడుగైనా నిజం చెబుతుంది.

2025 జూన్ 30న పాశమైలారంలో మందుల తయారీకి కావాల్సిన పదార్థాలు చేసే కర్మాగారంలో పేలుడు జరిగి యాభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి పనికి వచ్చినవాళ్లు. అలాంటి ఘోరానికి కారణాలు మాటల్లో వెతకడం న్యాయం కాదు. ఆ మృతుల జాబితా మాత్రం ఈ ప్రాంతంలో హెచ్చరిక బోర్డు చదవాల్సినవాళ్లు ఎవరో చూపించింది. చట్టం ప్రకారం పెట్టాల్సిన నోటీసులు ఇంగ్లీషులోనూ, అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలని 1948 కర్మాగారాల చట్టం 108వ సెక్షన్ చెప్పేది. ఎక్కువమంది భాష అంటే ఒక కర్మాగారంలో తెలుగు, పక్క దాంట్లో హిందీ, ఒడియా కావచ్చు. ఇంగ్లీషు మూలం నిక్కచ్చిగా లేకపోతే దాని అనువాదాలన్నీ వంకరే అవుతాయి. ‘అంటిల్’ తప్పు పడిన వాక్యాన్ని ఒడియాలోకి తెచ్చేవారు ఏ అర్థం తీసుకోవాలి?

మాట చాలక బొమ్మ

స్టెంట్ అన్న మాట ఒక ఇంటిపేరు. పంటి అచ్చులు తీసే మైనంలాంటి పదార్థాన్ని మెరుగుపరిచిన ఇంగ్లండు దంతవైద్యుడు చార్లెస్ స్టెంట్ 1807లో పుట్టి 1885లో చనిపోయాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో డచ్చి శస్త్రవైద్యుడు యోహానెస్ ఎస్సర్ ఆ పదార్థాన్ని చర్మం అతికే ఆపరేషన్లలో ఆధారంగా వాడాడు. తర్వాత లోపల ఆసరాగా నిలిచే ఏ పరికరానికైనా ఆ పేరు పాకింది. ఇప్పుడు సుల్తాన్‌పూర్‌లో తయారయ్యే ఆ చిన్న లోహపు జాలీ అనేక భాషల దేశాలకు వెళ్తుంది. డబ్బా మీద చోటు వేలెడంత. అందుకే ఐఎస్ఓ 15223-1 ప్రమాణం మాటలకు బదులు గుర్తులు ఇచ్చింది. గడువు తేదీకి ఇసుక గడియారం, మళ్లీ వాడొద్దనడానికి కొట్టివేసిన 2 అంకె.

గుర్తు వచ్చినంత మాత్రాన మాటల ఎంపిక తప్పలేదు. ‘సింగిల్ యూజ్’ అంటే ఒక్కసారే వాడి పారేయాలి. ‘సింగిల్ పేషెంట్, మల్టిపుల్ యూజ్’ అంటే అదే రోగికి ఎన్నిసార్లయినా వాడొచ్చు, ఇంకొకరికి వాడకూడదు. నెబ్యులైజర్ మాస్కు లాంటి వాటితో ఈ తేడా రోజూ వస్తుంది. ఆసుపత్రుల్లో రెండింటినీ కలిపేస్తున్నారని 2021లో వచ్చిన ఆ ప్రమాణపు కొత్త ప్రతిలో రెండోదానికి విడిగా గుర్తు పెట్టారు. వాడుక సూచనల కాగితాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు రెండింటికీ ‘ఒకసారి వాడేది’ అని రాస్తే, ఆ గుర్తు కోసం పడ్డ శ్రమ వృథా. మొదటిదానికి ‘ఒక్కసారే వాడాలి’, రెండోదానికి ‘ఒక్క రోగికే వాడాలి’ అంటే సరిపోతుంది.